తోడల్లుడి జవాబులు

మా చిన్నబావ కుళ్ళుబోతు. ఒకరి గురించి వెనకాల మాట్లాడడం నాకు చేతకాదు కాబట్టి ఈ మాట ఆయన మొహమ్మీదే చాలాసార్లు అన్నాను. అన్నప్పుడల్లా మా చిన్నక్క నామీద విరుచుకుపడేది గానీ ఆయన మాత్రం నొచ్చుకునేవాడు కాదు. కుళ్ళు కాదు, గమనించడం అని నన్ను దిద్దేవాడు. గమనించడమే ఆయన ఉద్యోగం మరి.

ఆయన పనిచేసేది సీసాల ఫ్యాక్టరీలో. బాగా వెలిగే తెల్లటి తెర ముందు స్టూలు మీద కూర్చుంటే, కొలిమిలోంచి వచ్చి చల్లారిన సీసాలు బెల్టు మీద ఒకదాని వెనక ఒకటి ఆ వెలుగు ముందునుంచి పోతుంటాయి. గాజులో బుడగ ఉన్నదాన్నీ, మెడ దగ్గర వెంట్రుకంత పగులున్నదాన్నీ, అడుగు సరిగ్గా ఆననిదాన్నీ తీసి పక్కనున్న తొట్లో పడెయ్యాలి. పెళ్ళి కాకముందు నుంచీ అదే పని, అదే స్టూలు. ఇంటికొచ్చాక కూడా ఆ కళ్ళకి సెలవుండేది కాదు. కొత్త కర్టెను కడితే ఒక వైపు రెండు వేళ్ళు పొట్టిగా ఉందనేవాడు. ఎవరింటికైనా వెళ్ళొస్తే వాళ్ళ గోడ మీది చెమ్మ గురించి చెప్పేవాడు. అందరినీ తెర ముందు నిలబెట్టి చూసి, ఏదో ఒక బుడగ పట్టుకుని, తొట్లో పడేసి సుఖంగా నిద్రపోయేవాడు.

తొట్లో పడని మనిషి ఒక్కడే ఉన్నాడు. మా పెద్దబావ. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ముదురు నీలం యూనిఫాం, నడుముకి పనిముట్ల బెల్టు, కంపెనీ ఇచ్చిన వ్యాను. మా అమ్మ ఇంట్లో అందరం భోజనానికి కూర్చున్నప్పుడు, సరిగ్గా రెండో ముద్ద దగ్గర, ఆయనకి ఫోనొస్తుంది. ఎక్కడో ఎవరో లిఫ్టులో ఇరుక్కుపోయి ఉంటారు. ఆయన చెయ్యి కడుక్కుని లేస్తే మా అమ్మ ఆయన కంచం మీద మూత పెట్టి, మిగతావాళ్ళకి ఏం కావాలో అడగడం కూడా మర్చిపోయి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటుంది. తిరిగొచ్చాక కథ మొదలు. లోపల ఒక ముసలాయన ఉన్నాడనీ, ఊపిరాడక కొట్టుకుంటున్నాడనీ, 'భయపడకండి, నేనున్నానుగా' అని తను ధైర్యం చెప్పాడనీ. అందరూ నోళ్ళు తెరుచుకుని వింటారు. చిన్నబావ కంచంలో వేలితో గీతలు గీస్తుంటాడు.

ఇంకో బాధ ఉంది. చిన్నబావ వయసులో పెద్దబావ కంటే రెండేళ్ళు పెద్ద. కానీ చేసుకున్నది మా చిన్నక్కని కాబట్టి వరసకి తమ్ముడైపోయాడు. తనకంటే చిన్నవాణ్ణి పట్టుకుని 'అన్నయ్యా' అనాలి, వాడు 'ఏం తమ్ముడూ' అంటే పలకాలి. ఆ 'అన్నయ్యా' ఆయన గొంతులోంచి చేపముల్లు తీసినట్టు వచ్చేది.

ఇలా ఉండగా ఫ్యాక్టరీలో సీసాలు చూసే కెమెరాలు పెట్టారు. కెమెరాకి కన్ను నొప్పి పుట్టదు, టీకి లేవదు. తెరల ముందు కూర్చునేవాళ్ళందరినీ పిలిచి, ఏడాది చివర్లో మీ పని ఉండదు, అయితే మీకు నచ్చిన కోర్సు ఒకటి మా ఖర్చుతో నేర్పిస్తాం, ఆ పనిలో చేరడానికి సాయం కూడా చేస్తాం అన్నారు. ఒక్కటే కోర్సు. ఒకసారి ఎంచుకున్నాక మార్చుకోవడానికి లేదు. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లలు, చేతిలో ఉన్నది సీసాలు చూసిన అనుభవం. ఇప్పుడు తప్పటడుగు వేస్తే మళ్ళీ పిలిచి పనిచ్చేవాళ్ళు ఎవరూ లేరని మా ఇంట్లో పిల్లలతో సహా అందరికీ తెలుసు.

ఎంచుకునే ముందు ఎవరికి వాళ్ళు తమ గురించి నింపాల్సిన టెస్టు ఒకటి ఉంది. నాకేది ఇష్టం, నేనెలాంటివాణ్ణి అని పేజీల కొద్దీ ప్రశ్నలు. ఒక్కో దానికీ 'చాలా సరి' నుంచి 'అసలు కాదు' దాకా గుర్తు పెట్టాలి. అది నింపి, ఇంట్లో మనిషిని ఒకరిని వెంటబెట్టుకుని కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాలి. బావ గది తలుపేసుకుని మరీ నింపాడు. చిన్నక్క టీచరు, బడిలో పరీక్షలు నడుస్తున్నాయి. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే నాకు ఆ రోజు సెలవు. అందుకని నేను వెళ్ళాను.

కౌన్సెలరమ్మ యాభై దాటిన మనిషి. జలుబు చేసినట్టుంది, ముక్కు తుడుచుకుంటూనే మాట్లాడింది. గదిలో మూడు కుర్చీలు, కిటికీకి ఎండకి వెలిసిపోయిన బ్లైండు, మూత సరిగ్గా పడని ఫ్లాస్కు ఉన్నాయి. మీ జవాబుల ప్రకారం మీకు లిఫ్టుల పని బ్రహ్మాండంగా నప్పుతుంది, ఇంత స్పష్టంగా తేలడం నేనెప్పుడూ చూడలేదు అంది. బావ మొహం వెలిగిపోయింది. నావైపు ఓరగా చూశాడు కూడా, ఇప్పుడేమంటావు అన్నట్టు.

అయితే ఆవిడ అక్కడితో వదల్లేదు. కొన్ని జవాబులు చదువుతాను, ఇంట్లోవాళ్ళు అవునో కాదో చెప్పాలి అని నన్నడిగి మొదలుపెట్టింది. "ఎత్తైన చోట పనిచెయ్యడం నాకు హాయి. చాలా సరి."

నేను అప్పుడే మంచినీళ్ళు తాగుతున్నాను. సగం నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. అటక మీద డబ్బా దించాలంటే నన్ను కబురుపెట్టి పిలిపించే మనిషి ఈయన. స్టూలెక్కితే కళ్ళు తిరుగుతాయి. ఆవిడ తర్వాతది చదివింది. చేతులకి నూనె, మురికి అంటినా పట్టించుకోను, చాలా సరి. నలుగురిలో కథలు చెప్పి మెప్పించగలను, చాలా సరి. ఆ మూడోది వినేసరికి నాకు నవ్వు ఆగిపోయింది. ఈ మనిషెవరో నాకు తెలుసు.

"అమ్మా, ఈ జవాబులు ఈయనవి కావు. మా పెద్దబావవి" అన్నాను.

బావ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్న కథ చిన్నప్పుడు విన్నానుగానీ, వాతల కాయితం కళ్ళారా చూడడం అదే మొదలు. ఎందుకిలా చేశారని ఆవిడ మెల్లగా అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

"టెస్టు అన్నారు కదండీ" అన్నాడు బావ. "టెస్టంటే బాగా రాయాలి. నా జవాబులు నేను రాస్తే నా బతుకే కదా వచ్చేది? బాగా బతుకుతున్నవాడి జవాబులు రాస్తే అలాంటి ఉద్యోగం వస్తుందనుకున్నా."

ఆవిడ ఆ కాయితాలు పక్కకి నెట్టేసింది. సరే, ఆయన గురించే మాట్లాడుకుందాం, ఆయన్ని చూస్తే మీకెక్కడ మండుతుందో చెప్పండి అంది. అలాంటిదేం లేదండీ అన్నాడు బావ. నేను దగ్గాను. ఆవిడ నా దగ్గు విని, బావకి టీ పోసిచ్చి కూర్చుంది. అంతే, ఇంకేముంది, కట్ట తెగింది. ఇన్నేళ్ళ కడుపుమంటంతా బయటికొచ్చింది. వ్యాను, యూనిఫాం, బూట్లు, అత్తగారు పెట్టే మూత, మామగారు పక్కకి జరిగి ఇచ్చే కుర్చీ. ఆయన ఒక్కోటీ చెబుతుంటే ఆవిడ ఒక్కటే అడిగేది: దాని వెనకాల వచ్చేది కూడా తీసుకుంటారా?

వ్యానుతో పాటు అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి. బావ ఆలోచించి వ్యాను వద్దులెండి అన్నాడు. యూనిఫాంతో పాటు గ్రీజు వస్తుంది. ఇంత నూనె అంటితే సబ్బు అరిగేదాకా చేతులు కడిగే మనిషి, అదీ వద్దన్నాడు. అత్తగారి మర్యాద దగ్గరికొచ్చేసరికి, అత్తగారిని ఏ కోర్సులోనూ ఇవ్వరండీ అని ఆవిడే కొట్టిపారేసింది. ఇక ఏమీ మిగల్లేదనుకుంటుండగా బావ గొంతు తగ్గించాడు.

"లోపల ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడతాడు కదండీ. భయపడకండి, నేనున్నానంటాడు. ఆ మాట ఎవరితోనైనా అనే అవకాశం నాకెప్పుడూ రాలేదు."

దానికి వెనకాల ఏం వస్తుందో ఆవిడ అడగలేదు. కోర్సు రాసిచ్చేలోపు ఒక రోజు ఆయన వెంట తిరిగి రమ్మంది.

ఇంతకంటే పెద్ద శిక్ష బావకి ఎవరూ వేసి ఉండరు. 'అన్నయ్యా, నీ పని చూస్తాను' అని అడగాలి. రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగి, చివరికి నాచేత అడిగించాడు. పెద్దబావ తెగ సంబరపడ్డాడు. మా డాక్టరుగారి క్లినిక్ ఉన్న భవనంలో లిఫ్టు చూసేది ఆయనే. నేను కూడా ఉంటాను, తమ్ముడికి తోడుగా ఉంటుందని నెలవారీ సర్వీసింగుకి అక్కడికే తీసుకొచ్చాడు.

వచ్చిన కాసేపటికే, ఇంకా పని మొదలుపెట్టకముందే, కరెంటు పోయింది. ఒక్క ఊపుతో లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగింది. లోపల మా పేషెంటు ఉంది. అప్పుడే పన్ను పీకించుకుని, దూది కొరికి పట్టుకుని, మూతి సగం తిమ్మిరెక్కి వెళ్ళిందావిడ. అరవలేదు. లోపలినుంచి తలుపు మీద దబదబా బాదడం మాత్రం వినిపించింది.

కరెంటు పోతే లిఫ్టుని దానంతటదే దగ్గరి అంతస్తుకి చేర్చే బ్యాటరీ ఏదో ఉంటుందట. అది పనిచెయ్యలేదు. డాబా మీద మెషీను గదికి వెళ్ళి, బ్రేకు వదులు చేసి, చక్రాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పి దించాలి. రా తమ్ముడూ, బ్రేకు పట్టుకుందువుగాని అని పెద్దబావ పరిగెత్తాడు. చిన్నబావ కూడా పరిగెత్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ గదికి ఇనప నిచ్చెన ఎక్కాలి. మూడో మెట్టు మీద కాళ్ళు వణికి దిగొచ్చేశాడు. మొహం తెల్లగా పాలిపోయి, గోడ పట్టుకుంటూ మూడో అంతస్తుకి దిగి, లిఫ్టు తలుపు ముందు నేలమీద కూలబడ్డాడు. నేను వాచ్‌మన్‌ని పైకి పంపించి, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

లోపల బాదుడు ఎక్కువైంది. బావ తలుపు సందుకి నోరు ఆనించాడు. అమ్మా, వినపడుతోందా, వినపడితే ఒక్కసారి కొట్టండి అన్నాడు. ఒకసారి కొట్టింది. గాలి ఆడుతోందా అన్నాడు. మళ్ళీ కొట్టింది. కాదంటే రెండుసార్లు కొట్టండి అని చెప్పి, ఇక ఆపలేదు. పైన మనిషి చక్రం తిప్పుతున్నాడనీ, అది తిరిగినప్పుడల్లా చిన్నగా కుదుపు వస్తుందనీ, ఆ కుదుపు పడిపోవడం కాదు, దగ్గరికి రావడమేననీ చెప్పాడు. మీ చెప్పులు విప్పి నేలమీద కూర్చోండి, వీపు గోడకి ఆనించండి అన్నాడు. పన్ను పైదా కిందదా అడిగాడు, నొప్పి ఏ వైపో అడిగాడు. తనకి కూడా నిచ్చెన మీద కాళ్ళు వణికాయనీ, అందుకే ఇక్కడ కూర్చున్నాననీ సిగ్గులేకుండా చెప్పేశాడు. లోపలినుంచి చిన్నగా ఒక దెబ్బ పడింది. పదేళ్ళుగా చూస్తున్న మనిషి, అంత మెత్తగా మాట్లాడగలడని నాకు తెలియదు. జవాబు చెప్పని సీసాలతో గడిపినవాడు కదా, తిరిగి మాట్లాడలేని మనిషి దొరికేసరికి గొంతు పెగిలిందని తర్వాత వెక్కిరించానుగానీ, అప్పుడు మాత్రం తెచ్చిన నీళ్ళు ఆయనకివ్వడం కూడా మర్చిపోయి విన్నాను.

లిఫ్టు రెండో అంతస్తుకి దిగింది, మేమూ మెట్లు దిగాం. పెద్దబావ మెట్లన్నీ దూకుకుంటూ వచ్చి తాళంచెవితో తలుపు తీశాడు. ఒళ్ళంతా చెమట, అరచేతులు బొబ్బలెక్కాయి. బయటికొచ్చిన ఆవిడ ఆయన్ని దాటి, గ్లాసు పట్టుకున్న నన్నూ దాటి, వెనకాల మెట్లమీద నిలబడ్డ చిన్నబావ దగ్గరికి వెళ్ళింది. నోట్లో దూది, మాట్లాడలేదు. ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. నా పేషెంటు, నేను రోజూ కూర్చునే భవనం, నావైపు చూడను కూడా లేదు. నాకే ఒళ్ళు మండింది.

ఇక పెద్దబావ సంగతి చెప్పాలా? చక్రం తిప్పింది ఆయన. ఆయన ఆ రెండు చేతులవైపు చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, పండక్కీ పబ్బానికీ మా అమ్మ భోజనాల గదిలో చూస్తూనే ఉన్నాను. కాకపోతే ఎప్పుడూ ఇంకో మొహమ్మీద. చిన్నబావకి అర్థం కాకుండా ఎలా ఉంటుంది? ఇలాంటివి చూడడానికే పుట్టాడాయన. తలదించుకున్నాడు. దించుకునే ముందు పెదవుల చివర ఒక నవ్వు మెరిసి మాయమవడం కూడా చూశాను, అబద్ధమెందుకు.

వ్యాను దగ్గర పెద్దబావ బొబ్బల మీద నీళ్ళు పోసుకుంటూ నాతో అన్నాడు. "నేను లోపల ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడనే మాట్లాడను. ఆ బాదుడు వింటే నా చెయ్యి పనిచెయ్యదు. పైకి పోయి తలుపేసుకుంటా." అయితే ఇంట్లో చెప్పే కథలేమిటని అడగబోయి ఊరుకున్నాను.

ఆ ఆదివారం మా అమ్మ ఇంట్లో ఆయన కథ చెప్పలేదు. అమ్మే అడిగింది. ఏముంది అత్తయ్యా, మామూలే అన్నాడు. కాసేపాగి, అందరూ వింటుండగా, తమ్ముడు లిఫ్టుల కోర్సే తీసుకుంటే బాగుంటుందన్నాడు. తన కంపెనీలోనే చెప్పి తన వ్యానులోనే వేయించుకుంటాడట, నిచ్చెనలు తను ఎక్కుతాడట, తమ్ముడు కింద ఉండి మాట్లాడితే చాలట. మా అమ్మ ఆనందం పట్టలేక చిన్నబావ కంచంలో అడక్కుండానే వడ్డించింది. మా నాన్న కుర్చీ జరిపాడు. చిన్నక్క కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళూ దేన్ని చూసి ఏడ్చాడో అదంతా ఒక్క కంచంలో పెట్టి ముందుకి తోశారు. చిన్నబావ మింగలేక, కక్కలేక, రేపు చెబుతానన్నాడు.

మర్నాడు కౌన్సెలరమ్మ దగ్గరికి దారి పొడుగునా, ఇంకేం ఆలోచన బావా, వెళ్ళి సంతకం పెట్టెయ్ అని నేను పోరుతూనే ఉన్నాను. ఆవిడకి జలుబు తగ్గింది. జరిగిందంతా విని, ఆ రోజు మీకు టైము తెలియకుండా పోయింది ఎప్పుడని అడిగింది. మూసిన తలుపు ముందు అన్నాడు బావ. అప్పుడావిడ, కంపెనీ ఇచ్చిన కోర్సుల జాబితాలో మీరు చదవకుండానే కొట్టేసినది ఒకటుందని చూపించింది. అంబులెన్సు కంట్రోల్ రూములో ఫోన్లు ఎత్తే పని. బండి వచ్చేదాకా అవతలి మనిషి బెదిరిపోకుండా చూసి, ఏం చెయ్యాలో చెప్పాలి.

"ఫోనెత్తడమా? అది రిసెప్షనిస్టులు చేసేది కదండీ" అన్నాడు.

రిసెప్షనిస్టుని పక్కన కూర్చోబెట్టుకుని అన్న మాట అది. అక్కడే కడిగేద్దును గానీ ఆయన మొహం చూసి ఆగాను. పొగరుతో అనలేదు, భయంతో అన్నాడు. జీతం ఇప్పటికంటే కాస్త తక్కువ. వ్యాను లేదు, యూనిఫాం లేదు, చేసిన పని చూసేవాళ్ళు లేరు. గాజు తలుపుల గదిలో చెవికి హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చోవాలి. "అన్నయ్య ముందు ఏమని చెప్పుకోను?" అన్నాడు. మొదటిసారి ఆ 'అన్నయ్య' ముల్లు లేకుండా వచ్చింది.

"ఆయన ముందు చెప్పుకోవడానికి ఒక ఉద్యోగం, మీరు చేసుకోవడానికి ఒక ఉద్యోగం. మీ కంపెనీ ఇచ్చేది ఒక్క కోర్సేనండీ" అంది ఆవిడ.

బావ జాబితా దగ్గరికి లాక్కుని ఆ రెండు కోర్సుల పేర్లూ మార్చి మార్చి చదివాడు. నేను నోరు మూసుకున్నాను, అది నాకెంత కష్టమో మావాళ్ళకి తెలుసు. తర్వాత పెన్ను తీసుకుని, ఫోనుల కోర్సు దగ్గర గుర్తు పెట్టి, కాయితం తిరగేసి టేబుల్ మీద పెట్టాడు, మళ్ళీ చూస్తే మనసు మారుతుందేమో అన్నట్టు.

ఇంట్లో సంగతి చెప్పకపోయినా ఊహించుకోవచ్చు. ఫోనెత్తడానికి చదువెందుకని మా అమ్మ అంది. పెద్దబావ, నీ ఇష్టం తమ్ముడూ అని, ఆ పూట మళ్ళీ లిఫ్టు కథ ఒకటి ఎత్తుకున్నాడు. ముసలాయన, ఊపిరి, భయపడకండి నేనున్నాను. అంతా అయ్యాక చిన్నబావ వైపు చూశాడు. చిన్నబావ వింటున్నాడు. కుళ్ళుకుంటున్నాడు కూడా, ఎందుకు దాచడం, చెవులు ఎర్రబడ్డాయి. కోర్సు నేర్చుకున్నన్నాళ్ళూ పెద్దబావ వ్యాను తమ వాకిట్లో ఆగిన ప్రతిసారీ కిటికీలోంచి చూసేవాడని చిన్నక్క చెప్పింది.

కంట్రోల్ రూములో చేరాక ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. డ్యూటీకి బయల్దేరబోతున్నాడు. మొహం పీక్కుపోయి ఉంది. ఏమైందంటే చెప్పాడు. ముందురోజు ఒకతను ఫోన్ చేశాడట. భార్య మెట్లమీంచి పడింది, ఊపిరి తియ్యడం లేదు. ఛాతీ మీద ఎలా నొక్కాలో బావ చెప్పాడు. అతనితో పాటు తనూ లెక్కపెట్టాడు. అతను ఏడుస్తుంటే ఏడవండి గానీ చేతులు ఆపకండి అన్నాడు. నేనున్నాను, లైనులోనే ఉన్నాను అని చెబుతూనే ఉన్నాడు. ఫోనులోనే సైరన్ వినిపించింది, తర్వాత మెట్లమీద బూట్ల చప్పుడు, తలుపు తోసిన చప్పుడు, ఎవరో తప్పుకోండి అన్నారు. అంతే, లైను తెగింది.

"ఆవిడ బతికిందా?" అన్నాను.

"నాకేం తెలుసు? మాకు చెప్పరు. ఆ తలుపు తోసుకుని వెళ్ళినవాడు చూశాడు. వాడికి తెలుసు. రాత్రంతా వాడి మీద ఎంత కుళ్ళుకున్నానో నీకు చెప్పలేను."

నాకు పాత అలవాటు ఎక్కడికి పోతుంది. "అయితే ఆ బండిలో వెళ్ళే పనే నేర్చుకో బావా. అప్పుడు నువ్వే చూడచ్చు" అన్నాను.

ఆయన రెండో బూటు కోసం మంచం కింద చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు. తలెత్తి, చిన్నపిల్లకి చెప్పినట్టు విసుక్కున్నాడు.

"నేనటు వెళ్తే ఇక్కడ ఫోనెవరెత్తుతారే?"